రక్తం కనిపించని వెలుతురు

మొన్న సాయంత్రం మా దుకాణానికి ఒకాయన వచ్చి, కౌంటర్ మీద ఫోను పెట్టి, అందులో ఒక బల్బు బొమ్మ చూపించాడు. అది పొద్దున తెల్లగా వెలుగుతుందట, పొద్దు వాలేకొద్దీ పసుపురంగుకు తిరుగుతుందట, పడుకునే వేళకు ఎర్రబడి తనంతట తానే ఆరిపోతుందట. మనిషి ఒంట్లో ఒక గడియారం ఉంటుందనీ, చీకటిపడ్డాక తెల్లటి వెలుతురు కళ్లలో పడితే అది దారి తప్పుతుందనీ, అందుకే ఈ కాలంలో ఎవరికీ నిద్ర పట్టడం లేదనీ ఓపిగ్గా పాఠం చెప్పాడు. నిజామాబాద్ బస్టాండ్ వెనక సందులో ఇన్నేళ్లుగా కరెంటు సామాను అమ్ముకుంటున్న నాకే చెప్పాడు.

"గసువంటిది మా ఇంట్ల ఒకటుండె అన్నా," అన్నాను. "పొద్దుమూకంగనే తెల్ల లైట్లన్ని బంద్ జేస్తుండె, పొద్దు పొడవంగనే అందర్ని లేపుతుండె. కాకపోతే కట్టెతోని."

ఆయనకు అర్థం కాలేదు. చిన్న పసుపు బల్బు ఒకటీ, ఎర్ర జీరో బల్బు ఒకటీ చేతిలో పెట్టి, పొద్దున్నే కిటికీలు తెరిచి ఎండలో నిలబడమని చెప్పి పంపించాను. ఆయన వెళ్లాక నాకు మళ్లీ పనిమీద మనసు నిలవలేదు. మా అత్తమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు.

మా అత్తమ్మ కొట్టేది. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. పోయినవాళ్ల గురించి మాట్లాడేటప్పుడు అందరూ వెన్నముద్దలైపోతారు, ఎవరినీ పల్లెత్తు మాట అననివాళ్లైపోతారు. మా అత్తమ్మ విషయంలో అది కుదరదు. ఆమె కొడుకులను కొట్టింది, కోడళ్లను కొట్టింది, మేత బస్తాలు దించే హమాలీలను కొట్టింది. తలుపులను కొట్టింది. అన్నిటికంటే ఎక్కువగా ట్యూబులైట్లను కొట్టింది. చేతిలో ఎప్పుడూ కోళ్లను తోలే వెదురు కట్టె ఒకటి ఉండేది, దాని కొస చీలి ఉండేది. పొట్టి మనిషి, మెడ కనబడదు. మోచేతులు రెండూ ఎడంగా పెట్టి నడిచేది, ఎదురొచ్చినవాళ్లు పక్కకు తప్పుకోవాల్సిందే. ఆమె వస్తుంటే ముందు కోళ్ల మేతలో కలిపే చేపపొడి వాసన వచ్చేది, తర్వాత తిట్టు వచ్చేది, ఆ తర్వాత మనిషి వచ్చేది.

బోధన్ దాటి వర్ని వైపు పోతుంటే నిజాంసాగర్ కాలువ పక్కన వాళ్ల ఇల్లు, ఇంటి వెనక కోళ్ల షెడ్డు. అక్కడ ఒకప్పుడు చెరుకు ఉండేదట. ఫ్యాక్టరీ మూతపడ్డాక, మిగిలిన చెరుకును తనే కత్తి పట్టి మొదళ్లకంటా నరికి, ఆ చోటే షెడ్డు వేయించిందని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ చెరుకు కత్తి మాత్రం పారేయలేదు. మేతగది గోడకు మేకు కొట్టి తగిలించింది.

నేను కొత్తకోడలిగా మోస్రా నుంచి ఆ ఇంటికి వెళ్లిన మరునాటి సంగతి. మా పుట్టింట్లో దీపాలు పెట్టే వేళకు ఇల్లంతా వెలగాలి. ఏ గదిలోనూ చీకటి ఉండకూడదు, ఉంటే లక్ష్మి గడప దాకా వచ్చి వెనక్కి తిరుగుతుందని మా అమ్మ నమ్మకం. అత్తగారి మెప్పు పొందాలన్న ఆశ ఆ వయసులో నాకూ ఉండేది. ముఖం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, పొద్దుగూకుతుండగానే ముందుగది, వంటగది, పడకగదులు, వరండా, అన్నిచోట్లా ట్యూబులైట్లు వేసి, తులసి దగ్గర దీపం వెలిగిద్దామని అగ్గిపెట్టె తీసుకున్నాను. ఆమె షెడ్డు నుంచి వచ్చింది. గుమ్మంలో ఆగి, కళ్లు చిట్లించి, కట్టె ఎత్తి ముందుగది ట్యూబును ఒక్క దెబ్బ వేసింది. అది తుపాకీ పేలినట్టు పేలింది. గాజు నా కొత్త జడలోకి రాలింది.

"షెడ్డుల ఎలుగు వెడితే కోళ్లు గుడ్లు వెడ్తయి," అంది ఆమె చాలా మామూలుగా. "నువ్వేం వెడ్తవ్?"

నేను ఏడుస్తూ లక్ష్మి మాట ఎత్తాను. ఆమె నా చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని, తులసి దగ్గర దీపం తనే వెలిగించి, ఒత్తిని వేలితో కిందికి నొక్కింది. "లచ్చిమికి గింత సాలు. ఆమెకు కండ్లున్నయి."

ఆ రాత్రి జడలోంచి గాజుముక్కలు ఏరుకుంటూ ఆమెను మనసారా అసహ్యించుకున్నాను. తెల్లవారుజామున కిటికీ రెక్కలు గోడకు కొట్టుకుని తెరుచుకున్నాయి, ఎండ నేరుగా నా ముఖం మీద పడింది. ఆ వెనకే చెంబుడు నీళ్లు పడ్డాయి. "పొద్దెక్కింది, లెవ్వు" అని తలుపు మీద కట్టెతో వరసగా బాదుతోంది. ఆ ఇంట్లో సూర్యుడు లేచాక ఎవరైనా పడుకుని ఉంటే, వాళ్లను జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చి ఎండలో నిలబెట్టేది. మా మామ బతికి ఉన్నప్పుడు ఆయన్ను కూడా ఈడ్చేదట. పొద్దున్నే కళ్లలో ఎండ పడాలి, పొద్దుగూకాక కళ్లకు మసక కావాలి, ఇంతే ఆమె శాస్త్రం. సాయంత్రం అయితే గదికొక ఎర్ర జీరో బల్బు తప్ప మరేదీ వెలగడానికి వీల్లేదు. అదీ మంచం ఎత్తులో, గోడ వైపు తిరిగి ఉండాలి. బోధన్‌లో కొందరు మా ఇంటి గురించి వేరే అర్థంతో నవ్వుకున్నారని చాలాకాలం తర్వాత తెలిసింది. అత్తమ్మకు ముందే తెలుసు. నవ్వినవాళ్లలో ఒకడి పన్ను ఊడగొట్టింది కూడా.

ఈ పిచ్చి ఆమెకు ఎక్కడ పట్టుకుందో నాకు షెడ్డులోనే తెలిసింది.

గుడ్ల కోళ్లకు పగలు చాలదు. పొద్దుగూకాక కూడా కొంతసేపు, తెల్లవారకముందు కొంతసేపు బల్బులు వెలిగించి వాటి పగటిని సాగదీయాలి, అప్పుడే గుడ్లు ఆగకుండా వస్తాయి. ఒకరోజు కొత్తగా వచ్చిన పనివాడు మసక బల్బులు మాడిపోతే వాటి చోట పెద్ద తెల్ల బల్బులు పెట్టి ఇంటికి పోయాడు. మరునాడు నేను అత్తమ్మ వెంట షెడ్డులోకి వెళ్లి తలుపు దగ్గరే ఆగిపోయాను. కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటున్నాయి. ఒక కోడికి తోక కింద చిన్న గాయమై రక్తం కనబడింది, అంతే, చుట్టూ ఉన్నవన్నీ దానిమీద పడ్డాయి. అది ఇంకా నిలబడే ఉంది. దాని పేగు మరో కోడి ముక్కులో ఉంది.

అత్తమ్మ అరవలేదు. ముందు తెల్ల బల్బులన్నీ కట్టెతో పగలగొట్టింది. తర్వాత గోనె పరదాలు దించి, ఎర్ర బల్బు ఒకటి వేసింది. ఆ వెలుతురులో రక్తం రక్తంలా కనిపించదు, ఈకలూ గాయాలూ నేలా అన్నీ ఒకే రంగులో ఉంటాయి. కోళ్లు మెల్లగా మెడలు దించాయి. ఆమె వాటి మధ్య వంగి నడుస్తూ, ఇక బతకవనుకున్నవాటి మెడలు ఒక్కొక్కటిగా తిప్పేసింది. బతికేదాన్ని ఒకదాన్ని చంకలో పెట్టుకుని, గాయంలో పసుపు, వేపనూనె కూరి, మేతగది చీకట్లో గంప కింద మూసింది.

"ఎలుగు ఎక్కువైతే వాటికి నిద్ర రాదు. నిద్ర లేకపోతే కోపం. కోపంల రక్తం కనవడ్డదో, ఇగ ఖతం," అంది. "గాయమైన కోడిని మల్ల గదే గుంపుల ఎయ్యొద్దు. అవి మర్వయి."

చేతులు కడుక్కుంటూ ఆమె అన్న ఇంకో మాట నేను ఇప్పటికీ మరిచిపోలేను. "వాటి నిద్ర అమ్ముకొని మనం తింటున్నం బిడ్డా. గది నాకెరుక. గందుకే నా ఇంట్ల ఎవ్వరి నిద్ర అమ్మనియ్య."

ఆ ఒక్క మాటకు ఆమె మీద నాకు మొదటిసారి గౌరవం కలిగింది. మధ్యాహ్నానికి పప్పు మాడబెట్టానని గరిటెతో వీపు మీద వేసింది. గౌరవం పోయింది. మా మధ్య ఎప్పుడూ ఇలాగే నడిచింది.

నా కూతురు పుట్టిన ఏడాదే అన్నదమ్ములు వేరుపడ్డారు. షెడ్డు పెద్దవాడైన బావకు, కరెంటు పనీ ఇంట్లో కాలువవైపు గదులూ మా ఆయనకు. వాకిలికి నడుమ ఛాతీ ఎత్తు గోడ లేచింది. కొడుకులు అవ్వా అని పిలిచే అత్తమ్మ ఎటూ కాకుండా మేతగది పక్కన చిన్న గదిలో మకాం పెట్టి, కట్టెతో రెండు ఇళ్లనూ ఏలింది. ఆమె ఉన్నంతవరకు ఏ గొడవా గోడ దాటలేదు. అయితే బాల్కొండలో ఆమె చెల్లెలు తుంటి విరిగి మంచాన పడింది. అత్తమ్మ బట్టల సంచి తీసుకుని చెల్లెలికి చేయడానికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ అన్ని బల్బులనూ ఒకసారి చూసుకుని మరీ వెళ్లింది.

ఆమె వెళ్లిన కొద్దిరోజులకే కుక్కలు షెడ్డు జాలీ చింపి కోళ్లను ఎత్తుకుపోయాయి. బావ స్తంభం పాతి ఒక ఫోకస్ లైటు కట్టాడు. షెడ్డు కోసం కట్టిన ఆ లైటు సరిగ్గా మా పడకగది కిటికీలో పడేది. పరదా వేస్తే పరదా మెరిసేది. దుప్పటి కడితే సందుల్లోంచి వచ్చేది. నెలల పిల్ల, చీకటిపడిందని దానికి తెలియదు, కళ్లు తెరుచుకుని గుక్కపట్టి ఏడ్చేది. దానికి నిద్ర లేదు, నాకు నిద్ర లేదు, పాలు తగ్గిపోయాయి. ఏదో ఒకరోజు ఆ ఏడుపు భరించలేక పిల్లను విసిరి మంచం మీద కొడతానేమోనని నా చేతులంటే నాకే భయం వేసింది.

మా ఆయన గోడ దగ్గర నిలబడి అడిగాడు. "అన్నా, గా లైటు జర అటు మలుపరాదు. పోరి పండుకుంటలేదు."

"కుక్కలకు నువ్వు కావలుంటవా మరి?"

"రాత్రంత ఎలుగు వెట్టుకుంటే కుక్కలు రావా? అవ్వ ఉంటే గిట్ల వెడ్తువా?"

"అవ్వ లేదు గద."

మూడో మాట మా ఆయన నోటితో ఆడలేదు. మరునాడు బోధన్ నుంచి ఇంతకింత పెద్ద లైటు తెచ్చి, మా డాబా మీద నిలబెట్టి, బావ పడకగది వైపు తిప్పాడు. పొద్దుగూకగానే ఆయన మీట వేసేవాడు, ఈయన మీట వేసేవాడు. వాకిలి మధ్యాహ్నంలా తెల్లబడేది. రెండు ఇళ్లలో ఎవరి కళ్లు చూసినా ఎర్రగా ఉండేవి. మా ఆయన అన్నం కంచం గోడకు కొట్టాడు. అవతల బావ తన భార్యను, నేను అక్క అని పిలిచే తోడికోడలిని, కొట్టిన చప్పుడు నాకు వినబడింది, ఆమె కేక వినబడలేదు, అందుకు ఇంకా భయం వేసింది. ఆ మనుషులు అంతకుముందు అలాంటివాళ్లు కారు. కోపం వచ్చినా నిద్రపోయి లేస్తే మరిచిపోయేవాళ్లు. మరిచిపోవడానికి నిద్ర ఏది?

మా డాబా మీది లైటు బావ గదిలోనే కాదు, గోనె పరదా సందుల్లోంచి షెడ్డులోనూ పడింది. ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు. ఆ రోజు సాయంత్రం, పొద్దు ఇంకా పూర్తిగా వాలలేదు, రెండు లైట్లూ అప్పుడే వెలిగాయి. గోడ మీదుగా ఏదో మెత్తగా వచ్చి నేను ఆరేసిన పిల్ల బట్టల మీద పడింది. చచ్చిన కోడి. వెనక భాగం తొలిచేసి ఉంది. ఇంకొకటి పడింది. తర్వాత వరసగా పడుతూనే ఉన్నాయి, కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. తెల్లటి లంగోటీలన్నీ ఎర్రబడ్డాయి.

"నీ లైటుకు పుట్టినయి, తిను," అని అరుస్తూ బావ గోడ దూకాడు. చేతిలో చెరుకు కత్తి ఉంది.

మా ఆయన దగ్గర ఇనుప రాడ్డు ఉంది. మొదటి దెబ్బ ఎవరిదో నేను చూడలేదు, పిల్లను తీసుకుని లోపలికి పరుగెత్తుతున్నాను. వెనక్కి తిరిగేసరికి మా ఆయన చెవి పైభాగం చీలి వేలాడుతోంది, మెడ మీదుగా రక్తం కారుతోంది. ఆ తెల్ల వెలుతురులో దాని ఎరుపు కళ్లలో గుచ్చుకుంది. బావ దాన్నే చూస్తున్నాడు. ఆ చూపు నేను షెడ్డులో చూశాను. ఆయన మళ్లీ కత్తి ఎత్తాడు, ఈసారి మెడకు. పిల్ల తండ్రి నా కళ్లముందే పోతున్నాడని నాకు అర్థమైంది.

గేటు చప్పుడైంది. బాల్కొండ నుంచి బస్సు దిగి నడిచి వచ్చిన అత్తమ్మ సంచి కింద పెట్టనుకూడా లేదు. మోచేతులు ఎడంగా పెట్టుకుని నేరుగా ఇద్దరి మధ్యకు వచ్చి ఎడమచేయి చాపింది. కత్తి ఆ చేతిమీద దిగింది.

అంతా ఆగిపోయింది. ఆమె చిటికెన వేలూ దాని పక్క వేలూ చర్మం పట్టుకుని వేలాడుతున్నాయి. ఆమె వాటివైపు చూసుకోలేదు. తలెత్తి ముందు ఆ లైటు, తర్వాత ఈ లైటు చూసింది.

"ముందుగాల గా లైట్లు బంద్ జెయ్యుండ్రి," అంది. "రక్తం కనవడ్తున్నది."

నేను పరుగెత్తి మా మెయిన్ ఆపేశాను. అవతల అక్క వాళ్లది ఆపింది. ఒక్కసారిగా సాయంత్రం తిరిగి వచ్చింది, కాలువ మీది బూడిద వెలుతురు, కంకర మీద అస్పష్టంగా ముగ్గురు మనుషులు. షెడ్డులో గోల కాసేపటికి సద్దుమణిగింది. కత్తి కింద పడిన చప్పుడు వినబడింది, ఆ వెంటనే బావ ఏడుపు వినబడింది. చిన్నపిల్లాడిలా "అవ్వా, అవ్వా" అంటున్నాడు.

ఆమె కొంగుతో చేతిని చుట్టుకుని, రెండో చేత్తో మా ఆయన చొక్కా కాలర్ పట్టి, మేతగదికి ఈడ్చుకుపోయింది. చెవి గాయంలో గుప్పెడు పసుపు కూరి, గుడ్డ కట్టి, బస్తాల మీదికి తోసి, బయట గొళ్లెం పెట్టింది. ఆ తర్వాతే బావ బండి వెనక ఎక్కి బోధన్ దవాఖానాకు వెళ్లింది. కత్తి వేసిన కొడుకే బండి నడిపాడు. ఆ రెండు వేళ్లు మళ్లీ ఇంటికి రాలేదు.

మా ఆయన ఆ చీకట్లో తెల్లవార్లూ ఒళ్లు తెలియకుండా నిద్రపోయాడు. పిల్ల నిద్రపోయింది. నేనూ నిద్రపోయాను, ఆ మాట చెప్పడానికి నాకు సిగ్గు లేదు. పొద్దెక్కగానే ఆమె కట్టుకట్టిన చేత్తోనే గొళ్లెం తీసి ఆయన్ను ఎండలోకి లాగింది.

"నీ పెండ్లాన్ని, పోరిని తీస్కొని నిజామాబాద్ పో. గీ వాకిట్ల మల్ల అడుగు వెట్టకు."

"అత్తమ్మా, అన్నదమ్ములు. కలుస్తరు," అన్నాను నేను.

"కలువరు. గాయమైన కోడిని మల్ల గదే గుంపుల ఎయ్య. నాకెరుక."

అలా మేము ఈ ఊరు వచ్చాం. దుకాణం పెట్టుకున్నాం. ఆమె అన్న మాట తప్పలేదు, తప్పనివ్వలేదు. పెళ్లిళ్లకు ఒకరు పొద్దున వెళ్తే ఇంకొకరు సాయంత్రం వెళ్లాలి. ఎవరు ఎప్పుడో ఆమే నిర్ణయించేది. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడల్లా మా ఆయన అన్నం కలుపుతూ తలెత్తకుండా అడిగేవాడు, "అన్న ఎట్లున్నడు?" ఆమె ఆయన కంచంలో ఇంకో గరిటె పప్పు వేసేది. మళ్లీ అడిగితే ఎడమచేయి కంచం పక్కన పెట్టేది. ఆ మూడు వేళ్లు చూసి ఆయన అన్నం తినడం మానేసేవాడు. ఆ పద్ధతి నాకు కత్తికంటే క్రూరంగా తోచేది.

వచ్చినప్పుడల్లా సంచిలో ఎర్ర బల్బులు తెచ్చేది, కరెంటు దుకాణం నడుపుకునేవాళ్లకు. మా పడకగది కిటికీకి ఎదురుగా వీధిలైటు ఉండేది. ఒక సాయంత్రం మెట్ల మీద కూర్చుని, గులకరాళ్లు ఒళ్లో పోసుకుని, గురిచూసి దాన్ని కొట్టింది. మునిసిపాలిటీవాళ్లు కొత్తది వేశారు. ఆమె దాన్నీ కొట్టింది. మళ్లీ వేసినప్పుడు ఆ పనివాడు మెట్ల మీద ఉన్న ఆమెను చూసి, మా కిటికీవైపు రేకు అడ్డం కట్టి, దండం పెట్టి పోయాడు. నా కూతురు పరీక్షలంటూ పక్కమీద ఫోను చూస్తుంటే దాన్ని లాక్కుని పెరుగు గిన్నెలో ముంచింది. పిల్ల లబోదిబోమంది. "ఏడువు. ఏడిస్తే నిద్రొస్తది," అని పక్కన పడుకుని, దాని కళ్లమీద ఆ మూడు వేళ్ల చేయి కప్పింది. పిల్లకు బాపమ్మ చేయి అంటే భయం ఉండేది కాదు. దాని కిందే నిద్రపోయేది.

ఒకసారి దుకాణంలో ఎవరో దంపతులు చంటిపిల్ల గదికి కళ్లు చెదిరే తెల్ల లైటు అడిగితే మా ఆయన డబ్బా తీస్తున్నాడు. ఆమె వెనకనుంచి వచ్చి, అందరి ముందు ఆయన చెంప పగలగొట్టింది. "నీ పోరి ఏడ్సింది మర్సినవా?" మా ఆయన డబ్బా లోపల పెట్టి, వాళ్లకు పసుపు బల్బు ఇచ్చాడు. చెంప తడుముకుంటూ నావైపు చూసి నవ్వాడు. ఆమె కొడుకులు అంతే, దెబ్బ తిన్నాక ప్రశాంతంగా ఉంటారు.

చివరికి ఆమెకు ఊపిరితిత్తుల్లో నీరు చేరింది. నిజామాబాద్‌లోనే ఒక పెద్ద ఆసుపత్రిలో అద్దాల గదిలో పడుకోబెట్టారు. వాళ్ల పని వాళ్లు చేశారు, నేను తప్పు పట్టను. కానీ ఆ గదికి కిటికీ లేదు. పైకప్పునిండా తెల్ల లైట్లు, అవి ఆరవు. ఏది పగలో ఏది రాత్రో ఆమెకు తెలియకుండా పోయింది. రెండు రోజులకే మనిషి మారిపోయింది. గొట్టాలు పీకింది, నర్సును కొరికింది, డాక్టరు ముఖం మీద ఉమ్మింది. చేతులు రెండూ మంచానికి కట్టేశారు. మూడు వేళ్ల చేతికి గుడ్డ నిలవక జారిపోతుంటే ఇంకా గట్టిగా బిగించారు.

నన్ను చూసి గుర్తుపట్టింది. "లైటు బంద్ జెయ్యి," అంది. "రక్తం కనవడ్తున్నది."

అక్కడ ఎక్కడా రక్తం లేదు. నాకు ఏడుపు ఆగలేదు.

బయట ఆమె కొడుకులు వంతులవారీగా కూర్చుంటున్నారు. బావ లిఫ్టులో వస్తే మా ఆయన మెట్లు దిగి పోయేవాడు. అవ్వ పెట్టిన నియమం, ఆమె కట్లలో ఉన్నా వీళ్లు జవదాటరు. డాక్టరు నన్ను పిలిచి ఇక చేసేది లేదనీ, కావాలంటే ఇంటికి తీసుకుపోవచ్చనీ చెప్పాడు. నేను బయటికి వచ్చి, మెట్ల దగ్గర మా ఆయన చొక్కా పట్టుకుని ఈడ్చుకొచ్చి బావ ముందు నిలబెట్టాను. అంత బలం నాకు ఎక్కడిదో తెలియదు.

"మీ అవ్వ రోగంతోని కాదు, నిద్ర లేక సస్తున్నది," అన్నాను. "తీస్కపోదామా, గిట్లనే సూస్తరా?"

బావ మా ఆయన చెవివైపు చూశాడు. చూపు దించుకున్నాడు. "బండి నేను మాట్లాడ్త," అన్నాడు గోడవైపు తిరిగి.

వర్ని రోడ్డు ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. మా ఆయన గేటు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, తర్వాత లోపలికి అడుగు పెట్టాడు. చుట్టాలు ముందే వచ్చి ఇల్లంతా లైట్లు వేసి ఉంచారు. మా ఆయన స్టూలు వేసుకుని ఎక్కి, ముందుగది ట్యూబు విప్పాడు. స్టూలు ఊగింది. బావ వచ్చి దాని కాళ్లు పట్టుకున్నాడు. అలా గది తర్వాత గది, ఒకరు విప్పారు, ఒకరు పట్టుకున్నారు. బావ షెడ్డు నుంచి ఎర్ర బల్బు తెచ్చి మంచం ఎత్తులో, గోడవైపు తిప్పి పెట్టాడు.

అత్తమ్మ ముఖం వదులైంది. చాలాసేపు చుట్టూ చూసింది. మంచానికి అటు ఒకరు, ఇటు ఒకరు కూర్చుని ఉన్నారు. ఆమె కనుబొమలు ముడిపడ్డాయి.

"ఇద్దర్ని ఒక్కతాన ఎవరేసిండ్రు?"

"నేనే అత్తమ్మా," అన్నాను.

కొట్టడానికి చేయి ఎత్తింది. అది సగం దాకా లేచి నా మోకాలి మీద పడింది. అలాగే ఉంచేసింది. కొద్దిసేపటికి గురక మొదలైంది, ఎప్పటి గురకే, గోడలు అదిరే గురక. దాన్ని వింటూ అందరం ఎక్కడివాళ్లం అక్కడ వాలిపోయాం. ఆ ఇద్దరూ ఆమె మంచానికి తలలు ఆనించి, చెరోవైపూ నిద్రపోయారు.

తెల్లారి బావ ముందు లేచాడు. ఆమె చేసినట్టే కిటికీ రెక్కలు గోడకు కొట్టి తెరిచాడు. ఎండ వచ్చి ఆమె ముఖం మీద పడింది. ఆమె కళ్లు తెరవలేదు. నేను కాళ్లు ముట్టుకుని చూశాను, చల్లబడి ఉన్నాయి, బావకు చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నావైపు చూడలేదు. మూలనున్న వెదురు కట్టె తీసుకుని తలుపు మీద బాదడం మొదలుపెట్టాడు.

"పొద్దెక్కింది, లెవ్వు. అవ్వా, పొద్దెక్కింది, లెవ్వు."

బాదుతూనే ఉన్నాడు. కట్టె చీలింది, తలుపు చెక్క లేచింది, అరచేతిలోంచి రక్తం కారి మోచేతి దాకా వచ్చింది. ఆ నిండు ఎండలో అది ఎర్రగా కనబడుతోంది. ఎవరూ దగ్గరికి పోలేదు. మా ఆయన లేచి వెళ్లాడు. కత్తి పట్టిన ఆ చేతిని, రక్తంతో సహా, తన రెండు చేతులతో పట్టుకున్నాడు.

"సాలు అన్నా," అన్నాడు. "పండుకోనియ్యి."

బావ చేయి విడిపించుకోలేదు.